చిప్పు కొనబోతే చేతికి చిప్ప

తెనాలి నుంచి మా తమ్ముడు (బాబాయి కొడుకు లెండి) ఆదివారం పొద్దున్నే ఫోను చేశాడంటే రెండే కారణాలుంటాయి. అయితే ఎవరిదో పెళ్ళి కుదిరుండాలి, లేకపోతే కంప్యూటరు చెడిపోయుండాలి. వాడిది పెళ్ళి వీడియోల స్టూడియో కాబట్టి అప్పుడప్పుడూ రెండూ కలిసొస్తాయి. మొన్నటి చలికాలంలో అదే జరిగింది. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీదికొచ్చాయి, పాత మిషను మంచమెక్కింది.

"అన్నయ్యా, సికింద్రాబాదు సీటీసీలో ఒకాయన అదిరిపోయే బేరం చెప్పాడు. సర్వర్ ప్రాసెసర్లంట. ఒకటి గాదు, రెండు. మొత్తం 28 కోర్లు. పెద్ద కంపెనీల్లో రాత్రీ పగలూ నడిచినయ్యంట. కొత్త ఐ9 పెట్టే డబ్బులో సగానికే ఇస్తానన్నాడు. తీసేసుకునేదా?"

ఏ ప్రాసెసర్రా అంటే కాయితం చూసి చదివాడు. జియాన్ ఈ5-2680 వీ4. 2016లో వచ్చింది. ఒక్కోదాంట్లో 14 కోర్లు, మామూలుగా 2.4 గిగాహెర్ట్జు, మహా ఊపొస్తే 3.3. ఏ డేటా సెంటర్లోనో అయిదారేళ్ళు అరిగి, టోకున అమ్ముడై, ఊరూ పేరూ లేని చైనా బోర్డు మీద కూర్చుని మావాడి కోసం ఎదురు చూస్తోందన్నమాట.

ఒద్దురా అన్నాను.

"అదేందన్నయ్యా! సర్వర్ గదా!"

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. మావాడి మీద కాదు, ఆ మాట మీద. సర్వర్ అనగానే మనవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. తెనాలిలోనే కాదు, ఇక్కడ ఇరవయ్యేళ్ళ అనుభవమున్న సాఫ్ట్‌వేరు వాళ్ళకీ అంతే. గ్యారేజీలోనో అటక మీదో ఒక పాత సర్వరుంటే అదో హోదా. అయ్యా, మన చిన్నప్పుడు సర్వరంటే ఎవరు? ఉడిపి హోటల్లో ఎడం చేతి మీద ఆరు ప్లేట్లు పేర్చుకొచ్చే మనిషి. ఏకకాలంలో పదిహేను బల్లలు చూసుకోగలడు, అది ఆయన గొప్ప. అంతేగానీ మీ ఒక్కరికీ గ్లాసుడు మంచినీళ్ళు కావాలంటే ఆయన కోసం కూర్చోడం కంటే లేచెళ్ళి పట్టుకోడమే నయం. ఈ చిప్పులూ అంతే. వంద మంది పని ఒకేసారి లాక్కొచ్చేందుకు చేసినవి. మీ ఒక్కరి పని త్వరగా చెయ్యడం వాటి వృత్తి కాదు.

పెళ్ళి వీడియో ఎడిటింగులో జరిగేదేమిటి? సోనీ కెమేరాలోంచి వచ్చిన 10 బిట్ల వీడియోని విప్పాలి, టైంలైను మీద ముందుకీ వెనక్కీ లాగుతుంటే ఆగకుండా కనిపించాలి. దీనికి కావలసింది నాలుగైదు చురుకైన కోర్లు, వీడియో విప్పే ప్రత్యేకమైన సర్క్యూటు. ఆ సర్క్యూటు మామూలు ఇంటెల్ డెస్కుటాపు చిప్పుల్లో గ్రాఫిక్సుతో పాటే వస్తుంది. ఈ కెమేరాల 4:2:2 రకం హెచ్ఈవీసీని కూడా 2021లో వచ్చిన 11వ తరం నుంచీ అది విప్పగలుగుతోంది (పేరు చివర ఎఫ్ అనే అక్షరమున్న చిప్పుల్లో గ్రాఫిక్సే ఉండదు, అవి కొనకండి). ఈ5 జియాన్‌లో గ్రాఫిక్సు మొదట్నుంచీ లేదు. ఒక్కో కోరు చూస్తే ఇప్పటి డెస్కుటాపు కోరు ముందు సగం కూడా పరిగెత్తదు. పైగా విండోస్ 11 ఆ చిప్పుని అధికారికంగా గుర్తించదు, విండోస్ 10కి మామూలు మద్దతేమో 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 28 కోర్లున్నా తాళి కట్టే ఘట్టం దగ్గర వీడియో తడబడుతూనే ఉంటుంది.

వాడు చివరి అస్త్రం తీశాడు. "మీ పక్కనే హారీ పాటర్ తీసిన స్టూడియో ఉందిగా, వాళ్ళేం వాడతారో కనుక్కో." నేనుండేది వాట్‌ఫర్డ్. లీవ్స్‌డెన్ స్టూడియో మా ఇంటి నుంచి బస్సు దూరమే. అక్కడికెళ్ళి గేటు దగ్గర నిలబడి మీదే ప్రాసెసరండీ అని అడగమంటాడు :-)

వాణ్ణి అనడానికి నాకేం హక్కుంది లెండి. 2014లో నేనూ అదే చేశాను. ఏదో కంపెనీ దివాలా తీస్తే వేలంలో వచ్చిన రెండు జియాన్ల సర్వరొకటి కొని, మా ఆవిడ ఊళ్ళో లేనప్పుడు అటకెక్కించాను. దాని ఫాన్లు తిరగడం మొదలెడితే పై గదిలో పిల్లాడు, "నాన్నా, విమానం దిగుతోందా?" అనేవాడు. ఖాళీగా ఉన్నా 130 వాట్లు లాగేది. ఏడాదికి 1,139 యూనిట్లు. యూనిట్టు 25 పెన్సులనుకుంటే 285 పౌన్లు. 2022 అక్టోబరులో ఇక్కడ ప్రభుత్వం కలగజేసుకుని ఆపితే ఆగిన ధర 34 పెన్సులు, ఆ లెక్కన 387. ఏనుగుని కొనొచ్చుగానీ మేపలేం అని పెద్దలన్నది ఇలాంటివాటిని చూసే. మూడేళ్ళు మేపి, 2017లో గార్‌స్టన్ దగ్గర రీసైక్లింగ్ సెంటర్లో దింపేసి వచ్చాను. దాని స్థానంలో అప్పట్లో దొరికే వాటిలో ఖరీదైన డెస్కుటాపు చిప్పొకటి వేసి మిషను కట్టించుకున్నాను. నిశ్శబ్దంగా ఉండేది. పాతదానికంటే ఎన్నో రెట్లు వేగం. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

ఇక్కడితో ఆపేస్తే ఇది "డెస్కుటాపే కొనండి" అనే మామూలు సలహా అవుతుంది. కానీ ఆ పారేసిన సర్వరులో ఒక్క మంచి గుణముందని నాకు తర్వాత తెలిసొచ్చింది.

మా నాన్న బడిపంతులు. 2009లో పోయారు. భాగవతం పద్యాలు రాగయుక్తంగా చదివేవారు. ఆయన గొంతుతో ఓ పెట్టెడు క్యాసెట్లుండేవి. 2018లో వాటన్నిటినీ ఆ కొత్త మిషను మీద కంప్యూటర్లోకి ఎక్కించాను. 43 ఫైళ్ళు. నాణ్యత తగ్గకూడదని ఫ్లాక్‌లో పెట్టాను. ఇంట్లో ఒక డిస్కు మీదా, క్లౌడులోనూ, ఇండియాలో చెల్లెలి దగ్గరా మూడు కాపీలు. వృత్తిరీత్యా ఊరందరికీ బ్యాకప్పుల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, ఆమాత్రం చెయ్యనా? ఆ తర్వాత ఇల్లు మారుతూ క్యాసెట్లు పారేశాను.

2020లో ఆబ్దికం నాడు విందామని పెట్టాను. పద్యం మూడో పాదంలో టక్కుమని చప్పుడు, ఒక మాట లేదు. ఎవరో కత్తిరించినట్టు పోయింది. ఇంకో ఫైలు అసలు తెరుచుకోలేదు. అన్నీ పరీక్షిస్తే 43లో 9 దెబ్బతిన్నాయి. క్లౌడులో కాపీ తీశాను, అదే చోట అదే టక్కు. చెల్లెల్ని అడిగాను, తన దగ్గరా అంతే. రాత్రంతా మెమరీ పరీక్ష నడిపితే తెల్లారేసరికి తేలిందేమిటంటే, ఒక ర్యాము స్టిక్‌లో ఒక్కటంటే ఒక్క బిట్టు చెడిపోయింది. ఫైలు డిస్కు మీదికి వెళ్ళేముందు ర్యాములోంచే వెళ్ళాలి కదా. అక్కడే పాడై, పాడైందే మూడు చోట్లకీ భద్రంగా చేరింది. మిషను రెండేళ్ళపాటు కిక్కురుమనలేదు. ఒక్క నీలం తెర కూడా రాలేదు.

ఆ అటక మీది ఏనుగైతే పట్టుకునేది. దాంట్లో ఉన్నది ఈసీసీ మెమరీ. 64 బిట్ల సమాచారానికి తోడు మరో 8 బిట్లు తనిఖీ కోసం పెట్టుకుంటుంది. ఒక బిట్టు తప్పితే తనే సరిదిద్ది చిట్టాలో రాసుకుంటుంది, రెండు తప్పితే సరిదిద్దలేకపోయినా గోల చేస్తుంది. స్టిక్కు చెడిపోతోందని మొదటి వారంలోనే నాకు తెలిసేది. ఎన్నో వందల పౌన్లు పోసి కొన్న నా గొప్ప డెస్కుటాపు చిప్పుకి ఆ విద్య లేదు. చేతకాక లేకపోవడం కాదండీ. ఉండనివ్వలేదు.

నా కోపమంతా ఇక్కడే.

1981లో ఐబీఎం వాడు మొదటి పీసీ అమ్మినప్పుడు దాని మెమరీలో ప్రతి ఎనిమిది బిట్లకీ తొమ్మిదో బిట్టొకటి ఉండేది. తప్పుని దిద్దలేకపోయేది గానీ, తప్పొచ్చిందని చెప్పి మిషనుని ఆపేసేది. 1998లో వచ్చిన ఇంటెల్ 440బీఎక్స్ గుర్తుందా? అమీర్‌పేటలో కోర్సులు చేసిన తరానికి గుర్తుండే ఉంటుంది. ఆ మామూలు చిప్‌సెట్టుకి కూడా ఈసీసీ వచ్చు. 2008లో నెహాలెంతో మెమరీని నడిపించే భాగం ప్రాసెసరు లోపలికే వచ్చింది. ఇక తాళంచెవి పూర్తిగా చిప్పు అమ్మేవాడి చేతిలో పడింది. జియాన్ కొంటే ఈసీసీ ఉంది. ఐ7 కొంటే లేదు. విడ్డూరం చూడండి, 9వ తరం దాకా చాలా ఐ3లకి ఉంది! చవకదానికి ఉండి, ఖరీదైనదానికి లేకపోవడమేమిటి? ఐ3తో చిన్న సర్వరు కట్టుకునేవాడు ఎలాగూ జియాన్ కొనలేడు కాబట్టి వాడికిచ్చినా నష్టం లేదు. ఐ7 కొనగలిగేవాడికి ఇస్తే జియాన్ మానేస్తాడు. లెక్క ఇదేనని నేననుకుంటున్నాను, ఇంకో లెక్క ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఆ రోజుల్లో జియాన్ ఈ3 అని ఉండేది. ఐ7 ఏ సిలికానో ఇదీ అదే. గ్రాఫిక్సు తీసేసిన రకాలు ఐ7 కంటే చవగ్గా దొరికేవి. తెలిసినవాళ్ళు మామూలు బోర్డు మీదే వాటిని పెట్టుకుని సుఖపడ్డారు. అది కళ్ళబడినట్టుంది, 2015లో స్కైలేక్ తరానికి ఈ3 చిప్పులు ప్రత్యేకమైన చిప్‌సెట్టున్న బోర్డుల మీద తప్ప పనిచెయ్యకుండా చేశారు. వీళ్ళకిది కొత్త కాదు. 1991లో 486 ఎస్ఎక్స్ అని అమ్మారు, దశాంశాల లెక్కలు చేసే భాగం లోపలుండగానే ఆపేసి. 2010లో ఓ పెంటియం చిప్పులో కొంత క్యాషుకీ హైపర్‌థ్రెడింగుకీ తాళం వేసి, 50 డాలర్ల కార్డు కొంటే తీస్తామన్నారు. అందరూ నవ్వాక మానేశారు.

సరుకు మీద రకరకాల ధరలు పెట్టుకోవడం తప్పని నేననను. వేగం ఎక్కువిచ్చి ఎక్కువ తీసుకో, కోర్లు ఎక్కువిచ్చి ఎక్కువ తీసుకో. నా గొడవల్లా ఒక్కటే. కిరాణా కొట్టువాడి కాటారాళ్ళ మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది కదా. ఆ ముద్ర టోకు వర్తకుడికి మాత్రమే, అరకిలో కందిపప్పు కొనేవాడికి ముద్రలేని రాళ్ళతో తూచినా ఫరవాలేదు అంటే ఊరుకుంటామా? రాసింది రాసినట్టు తిరిగివ్వడం మెమరీకి సోకు కాదు, దాని పని.

"అబ్బే, ఇలాంటివి అరుదుగా జరుగుతాయండీ" అనేవాళ్ళుంటారు. గూగుల్ సర్వర్లలో రెండున్నరేళ్ళు లెక్కపెట్టి 2009లో ఒక పరిశోధన పత్రం వేశారు. సుమారు మూడోవంతు మిషన్లలో ఏడాదికి ఒక్కసారైనా దిద్దదగిన తప్పొచ్చింది, ర్యాము స్టిక్కుల్లో 8 శాతానికి పైగా తప్పులు చూపించాయి. అవి కూడా అన్నిటికీ సమానంగా రాలేదు, వచ్చినదానికే మళ్ళీమళ్ళీ వచ్చాయి. అంటే చాలామటుకు ఆకాశంలోంచి ఊడిపడ్డ కిరణాల పని కాదు, స్టిక్కే చెడింది. నాకు జరిగినట్టే. వాళ్ళకి చిట్టా ఉంది కనక తెలిసింది. మనకి తెలియదు గాబట్టి అరుదంటున్నాం.

2003 మేలో బెల్జియం ఎన్నికల్లో బ్రసెల్స్ దగ్గర స్కార్‌బేక్ అనే చోట ఒక అభ్యర్థికి రావలసినవాటి కంటే 4,096 ఓట్లు ఎక్కువొచ్చాయి. రావడానికి వీల్లేనన్ని ఓట్లొచ్చాయి కాబట్టి దొరికిపోయింది. ప్రోగ్రాంలో ఎంత వెతికినా తప్పు కనపడలేదు. 4,096 అంటే రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె. పదమూడో బిట్టు దానంతటదే 0 నుంచి 1కి తిరిగిందని తేల్చారు. అదే నాలుగో బిట్టు తిరిగుంటే ఎనిమిది ఓట్లు ఎక్కువొచ్చేవి, ఎవరూ చూసేవారు కారు.

ఇప్పుడు డీడీఆర్5లో ఈసీసీ వచ్చేసిందిగా అని ఇంకొందరు. ఆ మాట చెప్పి అమ్మే కొట్లు కూడా ఉన్నాయి. అది మెమరీ చిప్పు తన కడుపులోని తప్పులు తను దిద్దుకోవడానికి పెట్టుకున్నది. చిప్పుకీ ప్రాసెసరుకీ మధ్య దారిలో జరిగేదానికి దాంతో సంబంధం లేదు, పైగా ఏం దిద్దిందో మీకు చెప్పదు. ఇంట్లోవాళ్ళే ఆడిట్ చేసి బావుంది అనుకోవడంలాంటిది. ఇక ఖర్చంటారా, డీడీఆర్4 దాకా ఎనిమిది చిప్పులకి ఒకటి అదనం, డీడీఆర్5లో సాధారణంగా రెండు. అందరికీ ఇచ్చుంటే ఆ తేడా ఈపాటికి మనం మర్చిపోయేవాళ్ళం. లైనక్సు సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో సరిగ్గా ఇదే విషయమ్మీద ఇంటెల్‌ని చెడామడా తిట్టాడు. ఆయన తిట్లు ఇక్కడ రాయను, ఇంట్లో పిల్లలున్నారు. ఆ తర్వాత 12వ తరం డెస్కుటాపు చిప్పులకి ఈసీసీ తిరిగొచ్చింది, కానీ డబ్ల్యూ680 అనే వర్క్‌స్టేషన్ చిప్‌సెట్టు బోర్డు కొంటేనే. తాళం తీసి గొళ్ళెం పెట్టారు.

ఏఎండీ వాళ్ళు నయం, ఏమాటకామాటే చెప్పాలి. 2017 నుంచీ రైజెన్లలో చాలావాటికి ఈసీసీ పనిచేస్తుంది. కానీ గట్టిగా హామీ ఇవ్వరు, బోర్డు తయారుచేసినవాణ్ణి అడగమంటారు. 2024 మేలో వాళ్ళే ఎపిక్ 4004 అని సర్వరు చిప్పులు తెచ్చారు. అవి రైజెన్ 7000లే, సాకెట్టు కూడా అదే ఏఎం5. 16 కోర్ల ఎపిక్ 4564పీ అంటే దాదాపుగా రైజెన్ 7950ఎక్స్. సర్వరుకీ డెస్కుటాపుకీ మధ్య ఏదో పెద్ద అగాధముందని ఇన్నాళ్ళూ మనకి చెప్పినవాళ్ళే, ఆ అగాధాన్ని పేరు మార్చి దాటేశారు.

నిజంగా సర్వరు చిప్పే కావలసిన పనులున్నాయి, కాదనను. టెరాబైట్ల మెమరీ, 12 మెమరీ చానెళ్ళు, 128 పీసీఐ లేన్లు కావాలంటే డెస్కుటాపు దగ్గర రెండే చానెళ్ళు, పాతిక చిల్లర లేన్లు ఉంటాయి. అక్కడ వాదన లేదు. కానీ ఆఫీసుల్లోనూ "కోర్లెక్కువుంటే మంచిది" అనే జబ్బుంది. ఒక క్లయింటు (పేరెందుకు) నేను చేరేసరికే డేటాబేసు కోసం 32 కోర్ల చిప్పుకి ఆర్డరు పెట్టేశాడు. మిషను చవగ్గా వచ్చిందని సంబరం. ఎస్‌క్యూఎల్ సర్వరు 2022 ఎంటర్‌ప్రైజు లైసెన్సు రెండేసి కోర్ల ప్యాకెట్టుగా అమ్ముతారు, ప్యాకెట్టు జాబితా ధర 15,123 డాలర్లు. వాళ్ళ పనికి వేగంగా ఉండే 16 కోర్ల సర్వరు చిప్పు సరిపోతుంది. మిగతా 16 కోర్లకి అక్షరాలా 1,20,984 డాలర్ల లైసెన్సు, అవేమో సింహభాగం నిద్రపోతుంటాయి. చెబితే ఒప్పుకోడానికి మూడు మీటింగులు పట్టింది. ఆ మీటింగుల్లో నాకిచ్చిన కన్సల్టెంటు ఫీజు ప్రాసెసరు ఖరీదు కంటే ఎక్కువే లెండి.

హైఎండ్ డెస్కుటాపు చిప్పులు గంగిగోవులని కూడా అనుకోకండి. 5.7, 6 గిగాహెర్ట్జులని డబ్బా కొట్టుకోడానికి వోల్టేజీ దంచి 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు ఎలా పాడయ్యాయో చూశాం. చివరికి వారంటీ మరో రెండేళ్ళు పెంచాల్సొచ్చింది. అంచేత పైమెట్టు కాకుండా దానికి ఒకటో రెండో మెట్లు కింద కొనుక్కుని, మిగిలిన డబ్బు మెమరీ మీద పెట్టడం నా పద్ధతి. ఆ మెమరీ కూడా 2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల ధర్మమా అని మండిపోయింది. ఆ డిసెంబరులో మైక్రాన్ వాళ్ళు మనలాంటివాళ్ళకి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారమే మూసేస్తున్నామని ప్రకటించారు. సర్వర్లవాళ్ళు ముందు తిని విస్తళ్ళెత్తాక మన పంక్తి.

మావాడికి చివరికి గ్రాఫిక్సున్న కొత్త డెస్కుటాపు చిప్పు, ఈసీసీ వచ్చే బోర్డు, ఈసీసీ స్టిక్కులు అని రాసి పంపాను. బఫర్లు లేని రకమే అడగమనీ, పెద్ద సర్వర్లలోంచి పీకిన రిజిస్టర్డ్ రకం ఈ బోర్డుల్లో పనిచెయ్యదనీ కింద గీత గీసి మరీ రాశాను. రెండ్రోజులకి ఫోను.

"అన్నయ్యా, షాపాయన ఈసీసీ అంటే ఏ కంపెనీ అని అడుగుతున్నాడు."

ఇంకో ఇద్దర్ని అడిగాడు. ఒకాయన అది సర్వర్లకండీ, మీకెందుకన్నాడు. తెప్పిస్తానన్న మూడో ఆయన చెప్పిన ధరకి, చెప్పిన గడువుకి మాఘమాసం కాస్తా వెళ్ళిపోయేట్టుంది. ఏం చేస్తాడు, మామూలు మెమరీతోనే తీసుకున్నాడు. కొన్న రోజు రాత్రంతా మెమరీ పరీక్ష నడపమన్నాను, నడిపాడు. నెలకోసారి నడుపుతానని మాటిచ్చాడు, ముహూర్తాలున్న నెలల్లో నడపడని నాకు తెలుసు. వీడియో అప్పగించి ఆర్నెల్లు దాటేదాకా కెమేరా కార్డులు చెరపొద్దని కూడా చెప్పాను. "కార్డులెంతో తెలుసా అన్నయ్యా ఇప్పుడు" అన్నాడు. తెలుసు. ఎవరి పెళ్ళిలోనో వాళ్ళ నాన్నగారు కూతుర్ని అప్పగింతలు పెట్టే నిముషం ఆ మిషను గుండానే వెళుతుంది.

ఇక్కడ వాట్‌ఫర్డ్‌లో మా అటక ఖాళీ. మెట్ల కింద అల్మారాలో మధ్యరకం రైజెన్ ఒకటి, ఈసీసీ స్టిక్కులు రెండు వేసుకుని చప్పుడు లేకుండా పడుంది. ఖాళీగా ఉంటే 40 వాట్లు. నెలకోసారి చిట్టా తీసి చూస్తాను. గడిచిన మూడేళ్ళలో రెండు తప్పులు దిద్దినట్టు రాసుంది, ఏ ఫైల్లోవో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరం రాలేదు.

ఆ 9 ఫైళ్ళు కూడా దాంట్లోనే ఉన్నాయి, ఉన్నవి ఉన్నట్టుగా. రేపల్లెలో మా మేనత్త ఈమధ్య ఫోన్లో, నాన్న చదివిన క్యాసెట్టు ఒకటి తన ట్రంకు పెట్టెలో ఉండాలంది. ఏ పద్యాలో గుర్తులేదంది. డిసెంబరుకి టిక్కెట్లు కొన్నాం. క్యాసెట్ ప్లేయరు ఇక్కడి సెకండ్‌హ్యాండ్ షాపులో ఎనిమిది పౌన్లకి దొరికింది, బెల్టు మార్పించాలి.